నీలిమంట పెట్టిన ఫొటో

గీజర్ మెకానిక్ వేళ్ళకి ఒక అలవాటు ఉండేది. గ్యాస్ గీజర్ వెలిగిన కాసేపటికి దానంతటదే ఆరిపోతోందని ఎవరైనా పిలిస్తే, అతను మూత విప్పి పొగగొట్టం మొదట్లో ఉండే చిన్న స్విచ్ కోసం చూసేవాడు. పొగ బయటికి పోకుండా గదిలోకి తన్నితే ఆ స్విచ్ వేడెక్కి గ్యాస్ ఆపేస్తుంది. గ్యాస్ ఆపుతున్నది ఆ స్విచ్చేనా, ఇంకేదన్నానా తేలాలంటే దాని రెండు కొసలనీ ఒక తీగముక్కతో కాసేపు కలిపి చూడాలి. ఆ తీగముక్కని అతను ఎప్పుడూ వేళ్ళతోనే అదిమి పట్టుకునేవాడు. స్క్రూ కింద పెట్టి బిగిస్తే చేతులు ఖాళీ అవుతాయి, పని సుఖంగా సాగుతుంది. అయినా బిగించేవాడు కాదు. "బిగించిన తీగని మర్చిపోయి ఇంటికెళ్ళొచ్చు. వేళ్ళని మర్చిపోయి ఎలా వెళ్తాం?" అనేవాడు.

ఈ పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాత సామాన్ల దుకాణంలో పారేసిన గీజర్లని విప్పి, మళ్ళీ బిగించి, విప్పి నేర్చుకున్నాడు. చాలాకాలం ఒక కాంట్రాక్టర్ కింద చేశాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడవలసినంత మాట ఆ ఇంట్లో అతని బావమరిదే మాట్లాడేవాడు. భార్యకి తమ్ముడు, సెల్‌ఫోన్ల షాపు. మధ్యాహ్నం భోజనానికి అక్క ఇంటికే వచ్చేవాడు.

మాట తక్కువైనా మెకానిక్‌కి రాయడం ఇష్టం. చేసిన ప్రతి రిపేరునీ ఫొటోలతో సహా ఒక సైటులో రాసి పెట్టేవాడు. ఒక గీజర్ల కంపెనీ, ఇతను జనం చేత మూతలు విప్పిస్తున్నాడని ఫిర్యాదు చేసింది. సైటువాళ్ళు ఒక్క మాటైనా అడగకుండా అన్నీ పీకేశారు. నాలుగు రోజులు అతను అన్నం సరిగా తినలేదు. అప్పుడు బావమరిది ఇంకో కొత్త సైటు సంగతి తెచ్చాడు.

"దీనికి ఓనరే లేడు బావా."

"ఓనర్ లేకపోతే కరెంటు బిల్లు ఎవడు కడతాడు?"

"తలా కాస్త. వేలమంది కంప్యూటర్లలో తలా ఒక కాపీ ఉంటుంది. నువ్వు రాసింది పీకేద్దామన్నా ఎవడివల్లా కాదు. చదివినవాడికి నచ్చితే అక్కడే ఒక బటన్ నొక్కుతాడు. క్రిప్టో కాయిన్ సరాసరి నీ వాలెట్‌లో పడుతుంది, అమ్ముకుంటే రూపాయలు. మధ్యలో తినేవాడు లేడు."

"మధ్యలో తినేవాడు ఇక్కడే ఉన్నాడుగా" అంది అక్క, తమ్ముడి కంచంలో రెండోసారి అన్నం వడ్డిస్తూ.

బావమరిదే ఖాతా తెరిచి పెట్టాడు. పేరేం పెట్టాలని అడిగితే మెకానిక్ 'నీలిమంట' అన్నాడు. గాలి సరిగ్గా అందితే గ్యాస్ నీలంగా మండుతుంది. పసుపుపచ్చగా మండితే ఏదో తేడా ఉన్నట్టు. అతనికి తెలిసిన మంచి మాట అదొక్కటే. అసలు పేరు పెట్టలేదు. కంపెనీల గొడవ మళ్ళీ ఎందుకులే అనుకున్నారు ఇద్దరూ.

గీజర్ ఆరిపోయే జబ్బు గురించి రాయడానికి అతనొక ఇంట్లో ఫొటో తీశాడు. ఇరుకు స్నానాలగది, వెలుతురు లేదు. ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో ఫోన్. తీగముక్కని పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని ఆ ఒక్కసారికి దాన్ని స్క్రూల కింద పెట్టి బిగించాడు. ఫొటో బాగా వచ్చింది. స్విచ్, స్క్రూలు, ఎర్ర తీగ, అన్నీ కళ్ళకి కట్టినట్టున్నాయి. తర్వాత తీగ విప్పి జేబులో వేసుకున్నాడు.

పోస్టులో ఇలా రాశాడు: "తీగతో కలిపి చూడండి. ఇప్పుడు ఆరకుండా వెలుగుతుంటే తప్పు స్విచ్‌దన్నా అయి ఉండాలి, గొట్టానిదన్నా అయి ఉండాలి. ముందు గొట్టం చూడండి." తీగ తీసెయ్యమని రాయలేదు. నిచ్చెన ఎక్కమని చెప్పినవాడు పని అయ్యాక దిగమని విడిగా చెబుతాడా? అతనికి ఆ ఆలోచనే రాలేదు.

చలి మొదలవగానే ఆ పోస్టు అంటుకుంది. "అన్నా, వేడినీళ్ళొచ్చాయి!" "మా ఊరి మెకానిక్ కొత్తది కొనమన్నాడు, మీ దయవల్ల ఖర్చు తప్పింది." అలా రాసిన ప్రతివాడూ ఒక కాయినో, కాయిన్‌లో ముక్కో పంపేవాడు. అక్కడ టిప్పులు పడేకొద్దీ పోస్టు పైకి పోతుంది, పైకి పోయేకొద్దీ ఇంకా పదిమంది చూస్తారు. ఆ డబ్బుతో మెకానిక్ కాంట్రాక్టర్‌కి దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. మెట్లకింద చిన్న గది అద్దెకి తీసుకుని, బల్లకి సామాను కదలకుండా పట్టే వైస్ ఒకటి బిగించుకుని, సొంతంగా పని మొదలెట్టాడు. అన్నం తింటూ ఆ వ్యాఖ్యలు చదువుకునేవాడు. గొట్టం చూశామని ఎవరూ రాయడం లేదని ఒకసారి అతనికి తట్టింది. చూసే ఉంటారులే, అది కూడా చెప్పుకుంటారా అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఆ సైటులోనే ఒక ఉత్తరం వచ్చింది. మునుపు టిప్ ఇచ్చిన ఖాతాయే. నాన్న చాలా రోజులకి వెచ్చగా స్నానం చేశారని అప్పట్లో రాసిన అమ్మాయి.

"నీలిమంట గారికి. మీ పోస్టు చూసి మా గీజర్ నేనే బాగు చేసుకున్నాను. మొన్న నాన్న స్నానానికి వెళ్ళారు. ఎంతసేపటికీ రాలేదు. పిలిస్తే పలకలేదు. తలుపు పగలగొట్టాం. విషవాయువు అన్నారు. తర్వాత గీజర్ విప్పినాయన ఈ తీగ ఎవరు పెట్టారని అడిగాడు. నేనే పెట్టానని మీ ఫొటో చూపించాను. పరీక్ష అయ్యాక తీసెయ్యాలి కదమ్మా అన్నాడు. అది మీరు ఎక్కడ రాశారో వెతుకుతున్నాను, నాకు కనబడటం లేదు. ఏ వరుసలో ఉందో చెప్పగలరా?"

కింద ఒక ఫొటో ఉంది. ఎర్ర తీగ, రెండు స్క్రూలు. అచ్చం అతను బిగించినట్టే, అంత నీటుగా బిగించింది ఆ పిల్ల.

మెకానిక్ తన పోస్టు మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు. లేదని తెలిసి కూడా వేలు పెట్టి ఒక్కో వరుసా వెతికాడు. తర్వాత షాపు తలుపు వెయ్యకుండానే బావమరిది దగ్గరికి నడిచాడు.

బావమరిది ఎవరిదో ఫోన్‌కి అద్దం అంటిస్తున్నాడు.

"ఆ పోస్టు తీసెయ్."

"ఏ పోస్టు?"

మెకానిక్ ఫోన్ చేతికిచ్చాడు. బావమరిది చదివాడు.

"తీసెయ్యడం కుదరదు బావా."

"రాసింది నేను. నేనే తీసెయ్యమంటున్నా."

"నువ్వన్నా అంతే. పైన ఒక సవరణ అతికించొచ్చు. కానీ పాతది అలాగే ఉంటుంది. చాలామంది తమ పేజీల్లో పాతదే చూపిస్తున్నారు."

"ఎవర్ని అడగాలో చెప్పు. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకోడానికి కాళ్ళుండాలిగా. అక్కడ ఎవరూ లేరు బావా. మొదట్లోనే చెప్పాగా, ఎవడివల్లా కాదని."

"గొప్పగా చెప్పావు."

"నువ్వూ గొప్పగానే విన్నావు."

అద్దం కింద గాలిబుడగ ఉండిపోయింది. బావమరిది దాన్ని గోటితో అంచుకి నెడుతూ గొంతు తగ్గించి అన్నాడు: "ఒక మాట చెప్తా, కొట్టకు. నీ పేరు ఎక్కడా లేదు. నీలిమంట ఎవడో ఎవడికీ తెలియదు. నువ్వు ఊరుకుంటే సంగతి ఇక్కడితో సరి."

"ఏ వరుసలో ఉందని అడిగింది ఆ పిల్ల. ఊరుకుని ఏం చెప్పమంటావు?"

బావమరిది అతని ఫోన్ అతనికి తిరిగిచ్చాడు.

మెకానిక్ జవాబు తనే రాశాడు. "రాయలేదమ్మా. నేను ఎప్పుడూ తీగ చేత్తో పట్టుకుంటాను. ఫొటో కోసం బిగించాను. అది చెప్పలేదు. తప్పు నాది." కింద అసలు పేరు, షాపు చిరునామా, ఫోన్ నంబరు పెట్టాడు. మీ ఇంటికి రానా అని అడిగాడు.

మర్నాడు ఆమె రాసింది: "రావద్దు. ఆ ఫొటో ఇంకా పైనే ఉంది. మిగతావాళ్ళకి చెప్పండి."

అంతకుమించి ఒక్క మాట లేదు. ఆ మాటతో అతనికి ఇన్నాళ్ళూ కళ్ళముందే ఉన్నదొకటి కనబడింది. వేడినీళ్ళొచ్చాయని రాసిన ప్రతి ఇంట్లోనూ ఆ తీగ ఇప్పుడు స్క్రూల కింద ఉంది.

హెచ్చరిక పోస్టు రాశాడు. ఈసారి భార్య చేత టార్చి పట్టించి, తన వేళ్ళు కనబడేలా ఫొటో పెట్టాడు. మనిషి పోయాడని రాశాడు. పాత పోస్టుకి సవరణ అతికించాడు. రెండు రోజులు చూశాడు. ఎవరూ చూడలేదు. అది అడుగున ఎక్కడో పడుంది, పాతది పైన అలాగే ఉంది.

"వేడినీళ్ళొస్తే టిప్ ఇస్తారు బావా. చావకుండా ఉన్నందుకు ఎవడిస్తాడు?" అన్నాడు బావమరిది.

మెకానిక్ అడిగాడు: "టిప్ ఇచ్చినవాళ్ళ ఖాతాలు కనబడతాయిగా?"

"అందరివీ కనబడతాయి. అది దాగదు."

"అయితే వాళ్ళది వాళ్ళకి తిరిగి పంపొచ్చా?"

"పంపొచ్చు. దాంతోపాటు నాలుగు ముక్కలు రాసి కూడా పంపొచ్చు. డబ్బు పడితే ఎవడైనా తెరిచి చూస్తాడు." చెబుతూ చెబుతూ బావమరిది ఆగాడు. "అంతా పంపేస్తావా? అక్కకి చెప్పావా?"

గ్యాస్ ఎక్కడ లీకవుతోందో తెలియనప్పుడు గొట్టానికేసి చూస్తూ కూర్చుంటే లాభం లేదు. సబ్బునురగ పట్టుకుని ఒక్కో అతుకు దగ్గరికీ వెళ్ళాలి. మెకానిక్‌కి తెలిసిన పద్ధతి అదే.

భార్య ఇంట్లోనే బట్టలు ఇస్త్రీ చేస్తుంది. అతను చెప్పింది విని, ఇస్త్రీపెట్టె నిలబెట్టి పక్కన పెట్టింది.

"అవన్నీ పంపేస్తే మరి షాపు?"

"పోతుంది."

"మళ్ళీ ఆ కాంట్రాక్టర్ దగ్గరికేనా? వచ్చేటప్పుడు దణ్ణం పెట్టొచ్చారుగా ఘనంగా."

"మళ్ళీ పెడతా."

ఆమె చొక్కా ఒకటి మడిచి, మడత కుదరక విప్పి, మళ్ళీ మడిచింది. "ఎలా పంపాలో చూపించండి. మీ కళ్ళకి ఆ సన్న అక్షరాలు ఆనవు" అంది.

అప్పటినుంచి తెల్లవారుజామున, పని మొదలవకముందు ఇద్దరూ దానికే కూర్చునేవారు. ఒక్కో ఖాతాకీ పొడుగాటి అక్షరాల వరస ఉండేది. ఒకటి తప్పితే కాయిన్ ఎవరికీ కాకుండా పోతుంది. పంపేముందు చివరి అక్షరాలు ఆమె పైకి చదివేది, అతను సరిచూసేవాడు. పంపే మాట అందరికీ ఒకటే. "తీగ వెంటనే తీసెయ్యండి. గీజర్ వాడకండి. పొగగొట్టం చూపించండి. ఒక మనిషి పోయాడు." కింద అతని పేరు, నంబరు.

జవాబులు రకరకాలుగా వచ్చాయి. కొందరు తీసేశామని ఫొటో పెట్టారు. ఒకతను గొట్టం విప్పితే పక్షిగూడు బయటపడిందట. ఇంట్లో అందరికీ రోజూ తలనొప్పి ఎందుకొచ్చేదో ఇప్పుడర్థమైందని రాశాడు. ఒకావిడ "డబ్బు వెనక్కిస్తే పాపం పోతుందా?" అని రాసింది. చాలామంది ఏమీ రాయలేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మంచివాళ్ళతోనే వచ్చింది. "ఇంత నిజాయితీపరుడివి, ఈ డబ్బు నీ దగ్గరే ఉండనీ అన్నా" అని కొందరు కాయిన్‌ని తిప్పి పంపేశారు. పంపింది ఆ పాత పోస్టు కింది బటన్ నొక్కి. వారం తిరిగేసరికి అది ఇంకా పైకెక్కి కూర్చుంది. బావమరిది వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు మెకానిక్ మొదట నమ్మలేదు.

"అంటే నేను పంపేకొద్దీ పైకి పోతోందా?"

"నువ్వు పంపడం వల్ల కాదు. వాళ్ళు మెచ్చుకోవడం వల్ల."

"మెచ్చుకోవద్దని రాయాలా ఇప్పుడు?"

"రాయాలి" అంది భార్య. పంపే మాట చివర ఇంకో వరుస చేర్చింది: "దయచేసి తిప్పి పంపకండి. పంపితే ఆ ఫొటో ఇంకొకరికి కనబడుతుంది."

బావమరిది ఇల్లు కదలకుండా కూర్చుని, అప్పటికే తిరిగొచ్చిన కాయిన్లని కొత్త ఖాతాలు తెరిచి హెచ్చరిక పోస్టుకి టిప్పులుగా వేశాడు. అది కొంచెం కొంచెంగా ఎక్కి, పాతదాని కిందికి వచ్చి ఆగింది. అంతకుమించి ఎక్కించడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు. షాపు ఖాళీ చేశారు. వైస్‌ని బల్లతో సహా బావమరిది తన షాపు వెనకాల పెట్టుకున్నాడు. కాంట్రాక్టర్ మెకానిక్‌ని తీసుకున్నాడు. జీతం తగ్గించి, నలుగురిలో "రండి రచయితగారూ" అని పిలుస్తూ తీసుకున్నాడు. మెకానిక్ పట్టించుకోలేదు. పట్టించుకునేంత చోటు అతనిలో లేదు.

ఒకతని జవాబు మాత్రం ముల్లులా ఉండిపోయింది. "తీగ తీస్తే ఆరిపోతోంది. ఇంట్లో పసిబిడ్డ ఉంది. చలి పోయాక తీస్తా."

మెకానిక్ అతనికి మళ్ళీ రాశాడు. మళ్ళీ రాశాడు. ఫోన్ చెయ్యమన్నాడు. మాట్లాడటం చేతకాని మనిషి, మాట్లాడదాం అని బతిమాలాడు. ఒక ఉదయం, పనికి బయల్దేరుతుండగా ఫోన్ మోగింది.

"ఏంటండీ మీ గోల? చలి పోయాక తీస్తానన్నాగా" అన్నాడు అవతలి మనిషి. మంచి వయసులో ఉన్న గొంతు, విసుగు. వెనకాల నీళ్ళు పడుతున్న చప్పుడు, బిడ్డ కేరింతలు.

"ఇప్పుడు గీజర్ నడుస్తోందా?"

"నడుస్తోంది. బిడ్డకి స్నానం."

"ఫోన్ ఒకసారి గీజర్ దగ్గర పెట్టు నాయనా."

అతను పెట్టాడు. మెకానిక్ కళ్ళు మూసుకున్నాడు. గాలి అందిన మంట చప్పుడు బిగువుగా, ఒకే శ్రుతిలో ఉంటుంది. ఇది మెత్తగా, తడిగుడ్డ దులిపినట్టు కొట్టుకుంటోంది.

"మంట పచ్చగా ఉందా?"

"ఉంది. అయితే ఏంటి?"

"బిడ్డని తీసుకుని బయటికి పో. ముందు బయటికి పో. కిటికీ తెరువు."

"ఇంత చలిలో తడిబిడ్డనా? మీకు పిల్లలున్నారా అసలు?"

"ఒకాయన చచ్చిపోయాడు నాయనా. నా ఫొటో చూసే. కూతురు తన చేత్తో బిగించింది. అచ్చం నీలాగే బిగించింది." మెకానిక్ గొంతు పెరిగింది. ఇంట్లో అతను అంత గట్టిగా మాట్లాడటం భార్య ఎప్పుడూ వినలేదు. "నీ బిడ్డని అక్కడ ఉంచకు. నన్ను తిట్టు, ఏమన్నా అను, తీగ పీకి నాకు వినిపించు!"

అటువైపు ఏదో కిందపడింది. అతను ఎవరినో పిలిచాడు. అడుగులు, తలుపు. బిడ్డ ఏడుపు దూరమైంది. తర్వాత స్క్రూడ్రైవర్ ఇనుము మీద జారిన చప్పుడు, ఇంకోసారి జారిన చప్పుడు. మంట చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. పంపులోంచి చన్నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"తీశా. ఇప్పుడు చాలా? చల్లబడిందా నీ కడుపు?" ఆ పైన అతను తిట్టిన తిట్లకి మొదలూ చివరా లేవు. మెకానిక్ ఆపలేదు. అతను తిట్టి తిట్టి పెట్టేసేదాకా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

"తీశాడా?" అంది భార్య.

"తీశాడు."

"ఏమన్నాడు?"

"నీ తమ్ముణ్ణి తప్ప అందర్నీ తిట్టాడు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "సాయంత్రానికి చలేసి, బిడ్డ ఏడిస్తే, మళ్ళీ పెట్టుకుంటేనో?"

అతను చెప్పులు వేసుకున్నాడు. పనికి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆ నంబరుకి చేశాడు, ఎత్తలేదు. మర్నాడు చేశాడు, ఎత్తలేదు. ఆ తర్వాత కూడా రోజూ, ఇంటికొచ్చి చేతులు కడుక్కోగానే, మొదట ఆ నంబరే నొక్కేవాడు. పూర్తిగా మోగి ఆగిపోయేది.

"మోగుతోందంటే ఎవరో ఒకరు ఆ ఫోన్‌కి ఛార్జింగ్ పెడుతున్నట్టేగా" అంది భార్య ఒకరోజు.

"ఎవరో ఒకరు" అన్నాడు అతను, మళ్ళీ నొక్కుతూ.